మేజోడు కింద తాళంచెవి

రూడీ జలార్‌కి దేవుడంటే భయం, కుక్కలంటే భయం, మంచు మీద జారి పడతానేమోనని భయం. వీటన్నిటినీ మించిన భయం పొద్దున్నే గుమ్మంలో పడే న్యూస్‌పేపరు. పిరికివాడనుకుంటే అనుకోండి గానీ, ఆ రోజుల్లో క్లీవ్‌లాండ్‌లో అతనిలాంటి మగవాడికి ఆ కాగితాన్ని మించిన పులి లేదు. పోలీసులు ఏ బారు మీదో, ఏ పార్కు మీదో పడి మగవాళ్ళతో తిరిగే మగవాళ్ళని పట్టుకెళితే, మర్నాడు వాళ్ళ పేర్లూ ఇంటి చిరునామాలూ పనిచేసే చోట్లూ అన్నీ అచ్చయ్యేవి. జడ్జి వేసే జరిమానా ఏపాటిది? అసలు శిక్ష ఆ కాగితమే వేసేది.

ఒకసారి వాళ్ళ చర్చిలో ఆర్గన్ వాయించే ఆయన పేరు వచ్చింది. రూడీ చెల్లెలు పెప్కా ఆ పేరు మీద వేలు పెట్టి మళ్ళీ మళ్ళీ చదివింది.

"అన్నయ్యా, ఈయన మొన్న ఈస్టర్‌కి మనింటికొచ్చి అక్రోటు రొట్టె తిని వెళ్ళాడు కదూ?"

అంటూనే లేచి, ఆయన కాఫీ తాగిన కప్పేదో గుర్తు తెచ్చుకుని, దాన్ని పాతగుడ్డలో చుట్టి చెత్తడబ్బాలో పడేసింది. పెప్కా చెడ్డ మనిషేం కాదు. వీధిలో ఎవరికి జ్వరమొచ్చినా సూపు కాచి పట్టుకెళ్ళేది. పెళ్ళి చేసుకోని అన్నని తన ఇంట్లో, మేడ మీది గదిలో పెట్టుకుని కన్నకొడుకులా చూసింది. అందుకే రూడీకి ఆ రోజు తన కప్పులోని కాఫీ గొంతు దిగలేదు.

పెప్కాకి తెలిసినంతవరకు అన్నయ్య పని ఆవిరి స్నానాల ఇంట్లో వీపులు పిసకడం. అందులో అబద్ధం లేదు. ఆ ఇంటి పేరు బార్తోష్ బాత్స్. ఉక్కు మిల్లుల్లో పనిచేసేవాళ్ళ ఇళ్ళల్లో స్నానాల తొట్లు లేని కాలంలో ఒక హంగేరియన్ కట్టించాడు. శనివారం వచ్చి, ఆవిరిగదిలో చెమటలు కక్కి, ఓక్ ఆకుల కట్టతో వీపులు బాదించుకుని, వారం రోజుల మసి వదిలించుకుని పోయేవాళ్ళు. రెండో ప్రపంచయుద్ధం అయిపోయాక ఇంటింటికీ తొట్టి వచ్చింది, మిల్లు మనుషులు మానేశారు. చిత్రమేమిటంటే ఆవిరిగది ఖాళీ కాలేదు. ఇళ్ళల్లో తెల్లటి తొట్లున్నవాళ్ళే, సూట్లు వేసి టైలు కట్టేవాళ్ళే రావడం మొదలెట్టారు. ఊళ్ళో మరెక్కడా ఒక మగవాడు ఇంకో మగవాడి భుజం మీద తల వాల్చలేడు. ఇక్కడ వాల్చవచ్చు. కట్టించినాయన కొడుకు ముసలి బార్తోష్ అంతా చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

"ఒళ్ళు కడుక్కోవడానికొచ్చినవాడికి నీళ్ళివ్వడమే మన పని. వాడి కథ మనకెందుకు?" అనేవాడు.

కథ మాట అటుంచి, పేరు కూడా ఎవరూ చెప్పేవారు కాదు. ఊళ్ళో ఉన్న జాన్ స్మిత్‌లందరూ బార్తోష్ ఇంట్లోనే స్నానం చేసేవాళ్ళు. వచ్చినవాడు బట్టలు లాకర్లో పెట్టి తాళం వేసి, ఇత్తడి తాళంచెవిని రబ్బరు పట్టీతో చీలమండకి తగిలించుకునేవాడు. తాళంచెవి మీద నంబరు, నంబరు కింద బార్తోష్ బాత్స్ అన్న పేరు.

ఆ ఇంటికి ఇంకో కట్టుబాటు ఉంది. లోపల ఎవరికి జబ్బు చేసినా అంబులెన్సుని అక్కడికి పిలవకూడదు. అంబులెన్సు వెనకే పోలీసు కారు వస్తుంది, పోలీసు కారు వెనక పేపరువాడు. అందుకని మనిషికి బట్టలు తొడిగి, వెనక సందులోంచి మోసుకెళ్ళి, బస్‌స్టాపు బెంచీ మీద కూర్చోబెట్టి, మూల మీది మందుల షాపు నుంచి ఫోను చెయ్యాలి. ఒకసారి కళ్ళు తిరిగి పడ్డ ఒకాయన్ని అలాగే సాగనంపితే బతికి బట్టకట్టాడు. ఆ క్రిస్మస్‌కి రూడీకి పెద్ద సాసేజి దండ తెచ్చిచ్చాడు కూడా. దాంతో ఈ పద్ధతిలో తప్పేమీ లేదని అందరూ ధీమాగా ఉన్నారు.

మిస్టర్ గ్రీన్ అనే పెద్దమనిషి పడిపోయింది ఫిబ్రవరిలో, ఒక శనివారం మధ్యాహ్నం. నెమ్మదస్తుడు. వచ్చి ఓ మూల కూర్చుని, ఎవరైనా పక్కన కూర్చుంటే సంతోషించి, కూర్చోకపోతే వాతావరణం గురించి రూడీతో మాట్లాడి వెళ్ళిపోయేవాడు. ఆ సమయానికి రూడీ తువ్వాళ్ళు పంచుతున్నాడు. చెప్పుల షాపులో పనిచేసే ఫ్లాయిడ్ ఎప్పటిలాగే వెటకారం మొదలెట్టాడు. రూడీ అందరి మీదా చిరాకు పడతాడని అతన్ని "అత్తా" అని పిలిచేవాడు.

"ఏంటే అత్తా, ఇంత చిన్న తువ్వాలిచ్చావు? నా సిగ్గు దాచడానికా, నీ పిసినారితనం చూపించడానికా?"

"నీకున్న సిగ్గుకి అదే ఎక్కువ" అన్నాడు రూడీ.

ఇంతలో ఆవిరిగదిలోంచి కేక. నలుగురు కలిసి గ్రీన్‌ని మోసుకొచ్చి గుమ్మం దగ్గర బార్తోష్ కూర్చునే బల్ల పక్కన పడుకోబెట్టారు. ముఖం బూడిదరంగుకి తిరిగింది. ఎడమచెయ్యి గుండెకి అదుముకుని ఉన్నాడు. రూడీ కట్టుబాటు సంగతే మరిచిపోయి బల్ల మీది ఫోను అందుకున్నాడు. రిసీవరు చెవి దగ్గరుంది, వేలు డయలు మీదుంది. అప్పుడు గ్రీన్ అతని మణికట్టు పట్టుకున్నాడు.

"వద్దు. ఇక్కడికి వద్దు. బట్టలు... ముందు బట్టలు తొడుగు. నా భార్య మేరియన్‌కి తెలిస్తే నేను చచ్చిపోతాను."

తువ్వాళ్ళతో నిలబడ్డ మగవాళ్ళలో ఫోను పెట్టెయ్యమని అన్నవాడు ఒక్కడూ లేడు. అందరి చూపూ ఆ రిసీవరు మీదే ఉంది. ఒక్కొక్కడి వెనక ఒక ఇల్లు, ఒక ఉద్యోగం, ఒక అమ్మ. రూడీ రిసీవరు పెట్టేశాడు.

తడి ఒంటికి చొక్కా తొడగడం ఎంత కష్టమో తొడిగినవాళ్ళకే తెలుస్తుంది. రూడీ తన దగ్గరుండే, అన్ని లాకర్లకీ పట్టే ఉమ్మడి తాళంచెవితో లాకరు తెరిచి బట్టలు తెచ్చాడు. ఫ్లాయిడ్ మోకాళ్ళ మీద కూర్చుని మేజోళ్ళూ బూట్లూ తొడిగాడు. అది అతని వృత్తి, చేతులు వాటంతటవే చేసుకుపోతున్నాయి. కళ్ళల్లో మాత్రం నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"టై కూడా కట్టండ్రా! మెడ బోడిగా ఉంటే ఎవరికైనా అనుమానమొస్తుంది" అని బార్తోష్ తలుపు దగ్గర్నుంచి తొందరపెట్టాడు.

రూడీ టై కట్టాడు. ముడి బిగిస్తున్నంతసేపూ గ్రీన్ కళ్ళు తెరిచి అతన్నే చూస్తున్నాడు.

బెంచీ మీద కూర్చోబెట్టి మందుల షాపులోంచి ఫోను చేశారు. అంబులెన్సు త్వరగానే వచ్చింది. రూడీ దారినపోయేవాడిలా గుంపులో నిలబడ్డాడు. అంబులెన్సు మనిషి నాడి చూసి, పక్కవాడితో "అయిపోయింది" అన్నాడు. రూడీకి ఏడవడానికి కూడా ధైర్యం చాలలేదు. ముక్కూ మొహం తెలియని మనిషి కోసం బస్‌స్టాపులో ఏడిస్తే ఎందుకని అడగరా?

సాయంత్రం స్నానాల ఇల్లు మూసే ముందు బార్తోష్ తాళంచెవులు మేకులకి తగిలిస్తున్నాడు. ఒక మేకు ఖాళీగా మిగిలింది. బార్తోష్, రూడీ, ఇంటికి పోకుండా ఉండిపోయిన ఫ్లాయిడ్, ముగ్గురూ ఆ మేకు వంక చూసి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందుగా ఫ్లాయిడ్‌కే వెలిగింది.

"అత్తా, కాలికి ఉండిపోయిందే! దాని మీద నుంచే మేజోడు లాగేశాను. నా బతుకు తగలెయ్య, చూసుకోలేదే!"

రూడీ పైప్రాణాలు పైనే పోయాయి. చచ్చిపోయినవాడి కాలికి ఈ ఇంటి పేరు కట్టి మరీ పంపించారన్నమాట. మేజోడు విప్పినవాడు పోలీసులకిస్తాడు. పోలీసులకి చిరునామా చెప్పనక్కర్లేదు, పేరు ఇత్తడి మీద చెక్కే ఉంది.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో రూడీకే తెలియాలి. వీధిలో కారు ఆగితే గుండె ఆగేది. అన్నం సయించేది కాదు. రాత్రి భోజనాల దగ్గర పెప్కా మామూలుగా "తాళంచెవి ఎక్కడ పెట్టావన్నయ్యా?" అని అడిగింది. బొగ్గుల గది తాళంచెవి గురించి. గుమ్మడికాయల దొంగలా రూడీ ఉలిక్కిపడి స్పూను వదిలేశాడు, సూపంతా బల్లగుడ్డ మీద పడింది. పెప్కా అతని నుదురు తాకి చూసి, జ్వరం లేదంది. బార్తోష్ పారిపోదామని రోజూ అనేవాడు. పారిపోతే తప్పు ఒప్పుకున్నట్టేనని మళ్ళీ తనే మానేసేవాడు.

గురువారం మధ్యాహ్నం స్నానాల ఇంటి గంట మోగింది. కిటికీ సందులోంచి చూసిన బార్తోష్ గతుక్కుమన్నాడు.

"ఆడమనిషి! రూడీ, ఎవరో ఆడమనిషి. నువ్వెళ్ళు, నాకు గుండె దడగా ఉంది."

"నాకేమన్నా రెండు గుండెలున్నాయా?" అన్నాడు రూడీ. అయినా అతనే వెళ్ళాడు.

ఆ గుమ్మంలో ఆడమనిషి నిలబడడం అదే మొదటిసారి. లోపలున్నవాళ్ళు దొరికిన చోటల్లా దాక్కున్నారు. ఫ్లాయిడ్ దుప్పట్ల బీరువాలో దూరాడు. వచ్చినావిడ నల్లకోటు వేసుకుంది. చేతిసంచి తెరిచి, రబ్బరు పట్టీతో సహా తాళంచెవిని బల్ల మీద పెట్టింది.

"ఇది మీదేనా?"

పేరు దాని మీదే ఉంటే ఏమని కాదంటాడు? "మాదేనమ్మా" అన్నాడు.

"శవానికి బట్టలు మార్చినాయన నాకిచ్చాడు. ఇంకెవరికీ చూపించలేదని చెప్పాడు. నేనూ చూపించలేదు, ఇంకా."

ఆ 'ఇంకా' రూడీ చెవిన పడకపోలేదు.

"ఆయన పేరు వారెన్. మీకేం చెప్పేవాడో నాకు తెలీదు."

"గ్రీన్ అనేవారమ్మా."

"మా అత్తగారి పుట్టింటి పేరు" అంది ఆవిడ. "నేను గొడవకి రాలేదు. ఇక్కడేం జరుగుతుందో నాకు చెప్పొద్దు. ఒక్కటి చెప్పండి చాలు. పైన చొక్కా గుండీలన్నీ పెట్టి ఉన్నాయి, లోపల బనీను పిండితే నీళ్ళు కారేట్టుందట. టై కట్టి ఉంది. ఆ ముడి ఆయన వేసేది కాదు. అది కట్టేటప్పటికి ఆయనకి ప్రాణం ఉందా?"

తలుపు వెనక బార్తోష్ వింటున్నాడని రూడీకి తెలుసు. పడీ పడగానే పోయారమ్మా అంటే ఆవిడ మనసు కుదుటపడుతుంది, ఇల్లూ దక్కుతుంది. నేనైతే ఆ మాటే అనేవాణ్ణి, మీరూ అదే అంటారు. కానీ ఆ మనిషి కళ్ళు తెరిచి తనని చూసిన చూపు రూడీని వదల్లేదు.

"ఉందమ్మా."

ఆవిడ బల్ల అంచు పట్టుకుంది. "ప్రాణం పోతున్న మనిషికి టై కట్టడానికి మీకు చేతులెలా వచ్చాయి?" గొంతు పెంచలేదు. "ఆయనే అడిగాడా? ఏమన్నా అన్నాడా?"

అన్నాడు. ఆ అన్నమాట చెబితే రూడీ మీద మచ్చ ఉండదు. అప్పుడు ఈవిడ, తన మొగుడు చావు కన్నా తనకే ఎక్కువ భయపడ్డాడని బతికున్నన్నాళ్ళూ మోసుకుంటూ తిరగాలి.

"లేదమ్మా. ఆయన మాట్లాడే స్థితిలో లేరు. ఫోను నా చేతిలోనే ఉంది, నేనే పెట్టేశాను. పోలీసులొస్తారని, నా పేరు పేపర్లో పడుతుందని భయపడ్డాను. చేసిందంతా నేనే."

ఆవిడ చేతిసంచి మూసింది. తర్వాత అడిగింది.

"మీ పేరేంటి?"

ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ అడగని ప్రశ్న అది. జాన్ స్మిత్ అనే మాట రూడీ నాలుక చివరే ఉంది. దాన్ని మింగేసి "రుడోల్ఫ్ జలార్" అన్నాడు. ఆవిడ మళ్ళీ చెప్పమంది. ఈసారి విడివిడిగా చెప్పాడు. ఆవిడ పెదవులు ఆ పేరుని ఒకసారి చప్పుడు లేకుండా పలికాయి. తాళంచెవి బల్ల మీదే వదిలేసి, తలుపు తనే తీసుకుని వెళ్ళిపోయింది.

ఫ్లాయిడ్ బీరువాలోంచి దూకి వచ్చాడు. "పిచ్చిముండా, అసలు పేరు చెప్పావంటే! నీకు మతి పోయిందా?"

రూడీ తాళంచెవి తీసి ఖాళీ మేకుకి తగిలించాడు. "చెప్పకపోతే ఆవిడ ఎవర్ని తిట్టుకుంటుంది?" అన్నాడు.

పోలీసులు రాలేదు. ఆ వారమే కాదు, ఎప్పుడూ రాలేదు. కొన్నేళ్ళకి బార్తోష్ స్నానాల ఇల్లు అమ్మేశాడు. కొత్తవాళ్ళు రంగుదీపాలు పెట్టారు, పాటలు పెట్టారు. కుర్రాళ్ళు అసలు పేర్లు చెప్పుకుని వీధిలోకి వినపడేట్టు నవ్వుతుంటే రూడీకి ముచ్చటా వేసేది, ఒళ్ళూ మండేది. ఆ తర్వాత వచ్చిన ఎయిడ్స్ అనే మాయరోగం ఆ నవ్వుల్ని చాలావరకు తీసుకుపోయింది. ఇల్లు మూతపడింది, పడగొట్టి కార్లు నిలుపుకునే చోటు చేశారు.

వారెన్ భార్య ఆ పేరు ఎవరికీ చెప్పలేదు. రూడీకి మాత్రం ఆ సంగతి తెలిసే దారి లేదు. బతికినన్నాళ్ళూ, ఇంటి గంట మోగితే చాలు, మెట్ల దగ్గర ఆగి కోటు వేసుకుని, టోపీ పెట్టుకుని, గుండీలన్నీ సరిచూసుకుని గాని కిందికి దిగేవాడు కాదు. పోలీసులు తీసుకెళ్ళేటప్పుడు చెల్లెలు చూస్తుంటుంది కదా, మనిషి చూడ్డానికి బాగుండాలని. వచ్చింది పాలవాడైతే మళ్ళీ పైకెళ్ళి విప్పేసేవాడు.

పెప్కా ఆ సంగతి ఇరుగుపొరుగుకి గర్వంగా చెప్పుకునేది. "మా అన్నయ్యకి మర్యాద ఎక్కువండీ. ఇంటికెవరొచ్చినా కోటు లేకుండా తలుపు తియ్యడు."