ఒక చెంబు గుమ్మపాలు

పురానాపూల్ వంతెన ఎక్కుతుండగా పెద్దమ్మ ఫోన్ చేసింది. ఆటోలో నా ఒళ్లో ఫ్లాస్కు ఉంది. అందులో మూడుసార్లు పొంగించి కాచిన పాలు. "బిడ్డా, ఇగ నువ్వు దవాఖానకు రాకు. ఇంటికాడనే ఉండు. మేమే తీస్కొస్తున్నం," అంది. ఎవరిని అని నేను అడగలేదు. ఆటో వెనక్కి తిప్పమన్నాను. మా పెద్దబాపు పోయాడు.

ఆయన మా నాన్నకు అన్న. మా బస్తీలో తొమ్మిది బర్రెల కొట్టం ఆయనది. చార్మినార్ గల్లీల్లో పొద్దున చాయ్ తాగేవాళ్లలో కొందరైనా ఆయన పాలు తాగే ఉంటారు, వాళ్లకు తెలియకపోయినా. ఎవరి పాలైనా సరే, ఒక చుక్క బొటనవేలి గోటి మీద వేసుకుని చూసేవాడు. చుక్క నిలవకుండా జారిపోతే, మాట్లాడకుండా గోరు పంచెకు తుడుచుకునేవాడు. బయటివాళ్లకు అంతకు మించిన తిట్టు లేదు. నోటితో తిట్టేవన్నీ మా వాటా, అందులో నాది పెద్ద వాటా.

మా ఇంట్లో పాలు కాచేది చాయ్‌కి, పెరుగుకి. ఒంట్లో బాగాలేని మనిషికి మాత్రం గుమ్మపాలే. పొదుగు కింద చెంబు పెట్టి పిండి, నురగ చావకముందే, ఆ వెచ్చదనం పోకముందే తాగించాలి. బస్తీలో బాలింతలైనా, జ్వరం పడి లేచిన పిల్లలైనా గ్లాసు పట్టుకుని వస్తే చాలు, లేదనేవాడు కాదు. "పొయ్యెక్కిస్తే బలం పోతది," అనేవాడు. నాకు పదేళ్లప్పుడు టైఫాయిడ్ వచ్చి మంచానికి అతుక్కుపోతే, రోజూ పొద్దున ఇత్తడి చెంబుతో నా తల దగ్గర నిలబడేవాడు. నేను లేచాను. మందులతో లేచానని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం ఇంటిల్లిపాదీ చెంబుకే దండం పెట్టారు.

నిరుడు వానాకాలంలో ఆయన ముంజేతుల మీద నల్లటి మచ్చలు కనబడ్డాయి. "తాడు గుంజింది తియ్," అన్నాడు. తొడ మీద ఇంకోటి. "బర్రె తన్నింది." పాపం, ఆ బర్రె పుట్టి బుద్ధెరిగి ఎవరినీ తన్నలేదు. పళ్లు తోముకుని ఉమ్మితే నీళ్లలో ఎరుపు. రెండు బకెట్లు మోసి గోడకు ఆనుకునేవాడు. సాయంత్రానికి సన్నగా జ్వరం, తెల్లారేసరికి ఉండేది కాదు. ఇంతమందిమి కళ్లున్నవాళ్లం ఒకే ఇంట్లో ఉండి నెలన్నర చూస్తూ ఊరుకున్నాం. నాకు ఒళ్లు మండుతుంది ఆ నెలన్నర తలుచుకుంటే.

చివరికి రక్తపరీక్షకు ఇచ్చి ఇల్లు చేరామో లేదో, ల్యాబ్ వాళ్లే ఫోన్ చేశారు. రిపోర్టు కోసం ఆగొద్దు, ఇవాళే పెద్ద దవాఖానకు పొండి అన్నారు. నేను ఆటో కోసం గల్లీ చివరికి పరుగెత్తాను. పెద్దబాపు మాత్రం బర్రెలకు కుడితి పెట్టాకే కదిలాడు.

నడుము ఎముకలోంచి మూలుగ తీసి పరీక్ష చేశాక, డాక్టరమ్మ మంచం పక్కకు స్టూలు లాక్కుని కూర్చుంది. "రక్తం ఎముకల్లోని మూలుగలో పుడుతుందండీ. మీకక్కడ ఎదగని తెల్లకణాలు కుప్పలుగా పుడుతున్నాయి. పని చేయవు, జాగా మాత్రం ఆక్రమిస్తాయి. ఎర్రకణాలు తగ్గి ఆయాసం, ప్లేట్‌లెట్లు తగ్గి ఈ మచ్చలు, మంచి తెల్లకణాలు తగ్గి జ్వరాలు. దీన్ని బ్లడ్ క్యాన్సర్ అంటాం."

పెద్దబాపు లేచి దిండుకు ఆనుకున్నాడు. "అంటే డాక్టరమ్మా, కొట్టం నిండ వట్టిపోయిన బర్రెలు చేరినయి. పాలిచ్చేటియి నిలవడెతందుకు జాగ లేదు. గంతేనా?"

"అంతే."

"మరి ఎల్లగొట్టున్రి."

"వెళ్లగొడతాం. కానీ మా మందుకు మంచీ చెడ్డా తేడా తెలియదు, కొట్టం మొత్తం ఖాళీ చేస్తుంది. మంచివి మళ్లీ పుట్టే వరకు, రెండు మూడు వారాలు, మీ ఇంటికి తలుపు ఉండదనుకోండి. ఏ చిన్న క్రిమి వచ్చినా ఆపేవాళ్లు లేరు. నాకు ఆ రోజులంటేనే భయం."

నేను తలూపాను. మంచి విద్యార్థిలా తలూపాను.

మొదటి విడత ఏడు రోజులు సెలైన్‌లో మందు ఎక్కించారు. జుట్టు రాలింది, ఆయన ప్రాణంగా పెంచుకున్న మీసం కూడా. ప్లేట్‌లెట్లు ఇవ్వడానికి ఆయన పాలు పోసే చాయ్ హోటల్ భాయ్ వచ్చాడు. "చాచా, ఇత్తే సాల్ ఆప్ కా దూధ్ పియే, అబ్ హమారా ఖూన్ లేవ్. ఫికర్ నక్కో," అన్నాడు, ఇన్నేళ్లూ మీ పాలు తాగాం, ఇక మా రక్తం తీసుకోండి, బెంగ వద్దు అని. "నీళ్లు గిట్ల కలపలేదు గద భాయ్?" అన్నాడు పెద్దబాపు, పుండ్లు పడ్డ నోటితోనే నవ్వుతూ.

నెల తర్వాత మళ్లీ మూలుగ తీసి చూస్తే చెడ్డ కణాలు కనబడలేదు. మేం ఎగిరి గంతేశాం. "కనబడకపోవడం వేరు, లేకపోవడం వేరు. దాక్కున్నవాటి కోసం ఇంకా కొన్ని విడతలు ఇవ్వాలి, మధ్యలో ఆపితే తిరిగి వస్తుంది," అంది డాక్టరమ్మ. పెద్దబాపు అడిగింది ఒక్కటే, దీపావళి తర్వాత దున్నపోతులను ముస్తాబు చేసి ఊరేగించే సదర్ పండుగకు తన దున్నపోతును తనే నడిపించుకుపోవచ్చా అని. అన్నీ సరిగ్గా జరిగితే పోవచ్చు అంది.

రెండో విడత అయ్యాక ఇంటికి పంపారు. జాగ్రత్తలన్నీ నేనే తెలుగులో అట్ట మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాను. బడిలో పాఠాలు చెప్పేదాన్ని కదా, అక్షరాలు గుండ్రంగా వచ్చాయి. కొట్టంలోకి పోవద్దు. పూలు వద్దు. పచ్చి కూరలు వద్దు. పాలు బాగా మరగకాచి ఇవ్వాలి. జ్వరం వంద దాటితే మాత్ర వేసి ఆగొద్దు, గంటలో దవాఖానలో ఉండాలి.

కొట్టం ఆయన మంచానికి పది అడుగుల్లో ఉంది. ఆయన దగ్గితే పెద్ద బర్రె అరిచేది. వేరేవాళ్లు కూర్చుంటే పాలు చేపేది కాదు. ఆయన కిటికీ చువ్వలు పట్టుకుని "ఇయ్యవే తల్లీ, ఇయ్యి," అని బతిమాలేవాడు.

పదో రోజుకు నోరంతా పుండ్లు. జావ కూడా దిగడం లేదు. కాచిన పాలు నోట్లో పోస్తే మందు వాసనొస్తోందని ఉమ్మేశాడు. ఆ పొద్దున పెద్దమ్మ మందులకు పోయింది, ఇంట్లో నేనొక్కదాన్నే.

"బిడ్డా, ఒక్క గుక్క గుమ్మపాలు తాపియ్యవా," అన్నాడు.

"వద్దన్నరు గద పెద్దబాపూ."

"నీకు టైపాయిడ్ వచ్చినప్పుడు నేను ఎవర్నన్న అడిగిన్నా?"

అట్ట నా ఎదురుగానే ఉంది, నా రాతే. లేచి కొట్టంలోకి వెళ్లాను. చెంబు సగం నింపి తెచ్చాను. ఆయన కళ్లు మూసుకుని మెల్లగా తాగాడు. మీసం లేని పైపెదవి మీద నురగ మిగిలింది. ఎన్నాళ్లకో మొహం తేటపడింది. "డాక్టరమ్మకు చెప్పకు, నిన్ను తిడ్తది. మీ పెద్దమ్మకు అసల్కే చెప్పకు," అన్నాడు.

మూడో రోజు పొద్దున చలి అన్నాడు. నిండు ఎండలో రెండు దుప్పట్లు. థర్మామీటరు నూట మూడు చూపింది. గంటలోపే దవాఖానలో ఉన్నాం, ఆ ఒక్కటి సరిగ్గా చేశాం. యాంటీబయాటిక్స్ వెంటనే ఎక్కించారు. మధ్యాహ్నానికి బీపీ పడిపోయింది. ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పోయిందన్నారు.

నేను డాక్టరమ్మను వరండాలో పట్టుకుని చెంబు సంగతి చెప్పేశాను. ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "కాచని పాలల్లో క్రిములుంటాయి. కానీ తెల్లకణాల కౌంట్ లేనప్పుడు మనిషి సొంత పేగుల్లోంచి కూడా ఇన్‌ఫెక్షన్ రావచ్చు. ఆ పాల వల్లే అని చెప్పలేను. కాదని కూడా చెప్పలేను," అంది. ఆరు రోజులు వెంటిలేటర్ చప్పుడు విన్నాం. ముక్కు గొట్టంలో పోసేందుకు రోజూ పాలు మూడుసార్లు కాచి ఫ్లాస్కులో తెచ్చేదాన్ని. ఏడో రోజు నేను వంతెన దగ్గరి నుంచే వెనక్కి తిరిగాను.

పదకొండో రోజు ఫోటో ముందు ఆకు వేసి, ఆయనకు ఇష్టమైనవన్నీ వడ్డించారు. పెద్దమ్మ కొట్టంలోంచి ఇత్తడి చెంబు తెచ్చింది. అప్పుడే పిండిన పాలు, పైన తెల్లటి నురగ. ఆమె వంగి పెట్టబోతుంటే నేను చెంబు లాక్కుని వంటింట్లోకి నడిచాను. గిన్నెలో పోసి పొయ్యి మీద పెట్టాను.

పెద్దమ్మ వెనకే వచ్చింది. "ఏందే గది? ఆయనకు ఇగ జరమొస్తదా?"

"నేనిచ్చిన పెద్దమ్మా. జరం రాకముందు. నువ్వు మందులకు పోయిన పొద్దు. కాయకుండ ఇచ్చిన."

ఆమె గరిటె అందుకుని పాలు కలిపింది. నురగ చచ్చింది. అంచుల వెంట బుడగలు మొదలయ్యాయి.

"నేను గూడ ఇచ్చిన బిడ్డా," అంది. "దానికి ముందటి రోజు. నీకు చెప్పొద్దన్నడు."

పాలు పొంగు మీదికి వచ్చాయి. ఆమె మంట తగ్గించింది. బయట అందరూ మాకోసం ఆగి ఉన్నారు. ఇద్దరం పొయ్యి దగ్గరే నిలబడ్డాం, అవి రెండోసారి పొంగేదాకా, మూడోసారి పొంగేదాకా.