అల్యూషియన్ లంకల్లో ఉప్పెన

ఎండుచేపల తట్ట పక్కనుంచి వెళ్ళినప్పుడల్లా నాకు పుస్తకాలు గుర్తొస్తాయి. మొన్న గణపవరం సంతలోనూ అంతే. అందరూ ముక్కు మూసుకునే చోట నేను నిలబడి గుండెల నిండా పీల్చుకుంటూ ఉంటే, అమ్మే ఆవిడ "ఏంటండీ మామ్మగారూ, కొంటారా, వాసనతో సరిపెడతారా?" అంది. అది మా లంకలో చదివిన పుస్తకాల వాసన. కొల్లేటి మధ్య మా ఇంట్లో ఎండుచేపలూ పుస్తకాలూ ఒకే అటక మీద ఉండేవి. ఆ పుస్తకాలు తిరిగి ఏలూరు చేరాక అక్కడి పాఠకులు గొడవ చేస్తే, సూర్యనారాయణ మేష్టారు "అది చదివిన వాసనండీ. మీరు తిరిగిచ్చిన వాటికి ఏ వాసనా రావడం లేదు" అనేవారట.

మేష్టారు ఏలూరులో ఒక చిన్న గ్రంథాలయం చూసుకునేవారు. వారానికోసారి కర్రపెట్టెలో పుస్తకాలు సర్దుకుని పడవలో మా లంకకు వచ్చి, మళ్ళీ వచ్చేదాకా ఆ పెట్టెను మా ఇంట్లో ఉంచేవారు. విచిత్రమేమిటంటే ఆయనకు నీళ్ళంటే చచ్చేంత భయం. ఈత రాదు. నడుముకు రెండు ఎండు ఆనపకాయ బుర్రలు కట్టుకుని, కళ్ళు మూసుకుని కూర్చునేవారు. వేసవిలో కొల్లేరు మోకాటి లోతుకు దిగినా ఆ బుర్రలు విప్పేవారు కాదు. "లేచి నిలబడితే చాలండీ, మునగరు" అని పడవవాడు చెబితే, "నిలబడాలని ఆ కంగారులో గుర్తుండాలి కదయ్యా" అనేవారు. కాపురానికి వచ్చేనాటికి నాకు అక్షరం ముక్క రాదు. వల అల్లుతూ ఆ పెట్టె మీది అక్షరాలు కూడబలుక్కుని, తప్పులు ఆయన చేత దిద్దించుకుని, రెండేళ్ళలో నవలలు చదివేదాన్నయ్యాను. ఆ సంగతి ఇప్పటికీ గర్వంగానే చెప్పుకుంటాను.

మేష్టారికి ఒక పట్టుదల ఉండేది. ఇంగ్లీషు పేపరులోని కబురు ఏదైనా సరే మాకు మా మాటల్లోనే చెప్పాలి. యాభై ఏడులో, ఎండలు ముదురుతున్న రోజుల్లో, ఒక ఉదయం మా పాకలో కూర్చుని పేపరు విప్పారు. పసిఫిక్ మహాసముద్రం ఉత్తరపు కొసన అల్యూషియన్ దీవులున్నాయి. వాటి దగ్గర సముద్రం అడుగున పెద్ద భూకంపం వచ్చి, అలలు లేచి దూరదూరపు తీరాల మీద పడ్డాయి. సునామీ అన్న మాట అప్పటికి మాలో ఎవరికీ తెలియదు. దీవులంటే మాకు అర్థం కాదేమోనని ఆయన లంకలన్నారు. ఆ అలలను ఉప్పెన అన్నారు. "అల్యూషియన్ లంకల్లో భూకంపం. ఉప్పెన లేచింది" అని చదివేసి, పక్క ఊరికి పుస్తకాలివ్వడానికి పడవెక్కారు.

పాక చివర కూర్చున్న మా అత్తగారికి కాస్త చెవుడు. ఆవిడ చెవిలో అల్యూషియన్ ఏలూరై పడింది. ఏలూరు లంకలంటే ఇంకెవరు? మేమే. మేష్టారు తిరిగొచ్చేసరికి ఊళ్ళోని దోనెలన్నీ కుండలతో, మంచాలతో, కోళ్ళతో నిండిపోయి ఉన్నాయి. అత్తగారు మేకపిల్లను చంకనెత్తుకుని ఆయనకు ఎదురెళ్ళింది.

"ఏవండీ మేష్టారూ! మునిగిపోతారని చల్లగా చెప్పేసి మీ దారిన మీరు పోవడమేనా?"

ఆయన హడలిపోయారు. "మన లంకలు కాదు వెంకమ్మగారూ! అవి వేరేవండీ. ఓడలో వెళ్ళినా వారాల ప్రయాణం."

"మరి కబురు ఇంత తొందరగా ఎలా వచ్చిందండీ?" అన్నారు ఊరి పెద్ద నాగయ్యగారు.

"తంతి తీగ మీదండీ."

"తీగ మీద కబురు రాగా లేనిది, మన కొల్లేటి నీళ్ళు పోయే ఉప్పుటేరు మీదుగా సముద్రం రాలేదాండీ?"

మేష్టారు మళ్ళీ పేపరు విప్పబోయారు. నాగయ్యగారు పెట్టె వైపు చెయ్యి చూపించారు. "పొద్దున వచ్చిందన్నారు. ఇప్పుడు రాదంటున్నారు. ఏది నమ్మాలో తెలియని పెట్టె మాకెందుకండీ? పట్టుకెళ్ళిపోండి. ఇక తేకండి."

పెట్టె పోతే నా చదువూ పోతుంది. పైగా నా నవలలో కథానాయిక సరిగ్గా అప్పుడే రైలెక్కింది. "పెట్టె ఉంచమనండి మామయ్యగారూ, ఆ రైలు ఎటెళ్ళిందో నాకు తెలియాలి" అన్నాను నాగయ్యగారితో. "నువ్వూరుకో. మునక్కుండా ఉంటే రైలు సంగతి చూద్దాం" అంది అత్తగారు.

మేష్టారు ఏలూరు పడవ వైపు చూశారు. నీళ్ళ వైపు చూశారు. పెట్టెను నీటి అంచుదాకా ఈడ్చుకెళ్ళి దాని మీద కూర్చున్నారు. "నువ్వెళ్ళవయ్యా" అని పడవవాణ్ణి పంపేశారు.

"ఉప్పెన వస్తే ముందు నన్నే తీసుకుపోవాలి. తెల్లారేదాకా రాకపోతే పెట్టె ఇక్కడే ఉంటుంది. సరేనాండీ?"

బుర్రల ముడి మళ్ళీ మళ్ళీ సరిచూసుకుంటున్నారు. ఈత రాని మనిషి అలా కూర్చుంటే, ఈత వచ్చిన ఊరంతా ఆయన కళ్ళ ముందే పారిపోవడం ఎలా? ముందు కోళ్ళు దిగాయి. వాటిని పట్టుకునే వంకతో మనుషులూ దిగారు.

మర్నాడు పొద్దున ఆయన పెట్టె మీదే ఒరిగి నిద్రపోతున్నారు. కొల్లేరు ఎక్కడిదక్కడే ఉంది. అత్తగారు చద్దన్నం, మజ్జిగ తెచ్చి, "లెగండి మేష్టారూ, మీ ఉప్పెన దారి తప్పినట్టుంది" అంది. నాగయ్యగారు మాత్రం నవ్వకుండా, "పెట్టె ఉంచండి. కానీ ఇకనుంచి ముందు ఊరెక్కడో చెప్పండి, ఆ తర్వాతే కబురు" అన్నారు.

పడవెక్కబోతూ మేష్టారు నాతో అన్నారు. "ఎక్కడో చెప్పకపోవడం నా తప్పేనమ్మా. లంకలనడం మాత్రం తప్పు కాదు. అక్కడా ఏ అత్తగారో మేకపిల్లను ఎత్తుకుని పరిగెత్తే ఉంటుంది."

నా కథానాయిక రైలు ఎటెళ్ళిందో ఆ మధ్యాహ్నమే తెలుసుకున్నాను. ఇప్పుడు చూపు ఆనని ఇరుగుపొరుగు వాళ్ళకు నేనే పేపరు చదివి వినిపిస్తున్నాను. ముందు ఊరు చెబుతాను. అది మనకెంత దూరమో చెబుతాను. వాళ్ళు హమ్మయ్య అనుకుని గోడకు చేరగిలబడ్డాక అక్కడేమైందో చదువుతాను. "ఎక్కడో కదండీ" అని ఎవరో ఒకరు తేలిగ్గా అంటారు.

"దూరమేనండీ. కానీ అవీ లంకలే" అంటాను.