నల్ల నువ్వుల ఆకలి

పళనియమ్మాళ్ మేట్టుపాళయంలోని ఒక వక్కల షెడ్డులో ఇరవై రెండేళ్ళుగా పని చేస్తోంది. తోటల నుంచి బస్తాల్లో వచ్చే కాయల్ని వంపుకత్తితో చీల్చి, తొక్క ఒక పక్కకి, గింజ బుట్టలోకి తోయడం ఆమె పని. కత్తి వైపు చూడాల్సిన అవసరం కూడా ఉండేది కాదు. కళ్ళు పక్కమనిషి మీద, మాటలు ఊరి మీద, చేతులు మాత్రం కాయ మీద. నలభై ఎనిమిదేళ్ళ వయసులో ఆ చేతులు ఆమె మాట వినడం మానేశాయి. అయితే అంతకంటే ముందు వచ్చింది ఆకలి.

చిత్తిరై నెల ఎండల్లో ఒకరోజు వాకిలి ఊడుస్తుండగా నాలుక కింద నువ్వుల రుచి తగిలింది. నోట్లో ఏమీ లేదు. నువ్వులంటే ఆమెకు మొదటినుంచీ ఇష్టం లేదు, చేదంటుంది. అయినా చీపురు అక్కడే పడేసి, మూలమీది కొట్టుకు పోయి, నల్ల నువ్వులు పావుకిలో తెచ్చింది. వేయించింది. చిటపటలు ఆగకముందే నాలుక కాలుతున్నా నిలబడే తినేసింది. మర్నాటికి వేయించే ఓపిక కూడా లేకపోయింది. పచ్చివే గుప్పెళ్ళతో బుక్కింది. కడుపు నిండేది గానీ నోటికి తృప్తి ఉండేది కాదు.

నెల తిరిగేసరికి కొంగున ఎప్పుడూ ఒక ముడి ఉండేది. షెడ్డులో ఆడవాళ్ళు మొదట్లో నవ్వారు. "ఈ వయసులో వేవిళ్ళా?" అన్నారు. తరవాత నవ్వడం మానేశారు. ఎదురింటి వెంకటమ్మాళ్ అవ్వ ఒకనాడు ఆమె కొంగు పట్టుకుని ఆపింది.

"ఏమే పళనీ, నల్ల నువ్వులు అట్ల ఊరికే తినకూడదే. అది పైకి పోయినోళ్ళ తిండి. నీకు తెలీదా?"

"ఏమో అవ్వా, ఆశగా ఉండాది. తినకుంటే నిలవలేను."

అవ్వ కొంగు వదిలేసింది. "అంజలమ్మ ఇట్లనే కొంగులో ముడేసుకొని తిరిగేది" అంది. లోపలికి పోయి తలుపు వేసుకుంది.

అంజలమ్మ పళనియమ్మాళ్ భర్త వేలుసామికి అక్క. తల్లి లేని తమ్ముణ్ణి ఎత్తుకుని పెంచింది. మొగుడు పోయాక తమ్ముడి ఇంటికే వచ్చి, మరదలితో ఒకే పొయ్యి దగ్గర ఏడేళ్ళు గడిపింది. నువ్వులూ బెల్లమూ లేనిదే ఆవిడకు పొద్దు గడిచేది కాదు. పందొమ్మిదేళ్ళ కిందట ఐప్పసి నెలలో వదినా మరదళ్ళిద్దరూ భవాని ఏటిలో బట్టలు ఉతుకుతుండగా, పైన కొండల్లో కురిసిన వాన ఒక్కసారిగా ఎర్రటి నీళ్ళయి దిగింది. పళనియమ్మాళ్ ఒక బండను కరుచుకుని బతికింది. అంజలమ్మ కొట్టుకుపోయింది. ఆ బండ మీద ఏం జరిగిందో పళనియమ్మాళ్ ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్ళకు "నీళ్ళొచ్చినాయి" అని మాత్రం అనేది. ఆ తరవాత మళ్ళీ ఏటి గట్టు ఎక్కలేదు.

నువ్వుల ఆశ పుట్టిన రెండు నెలలకు, ఆని నెలలో, ఎడమకన్ను అదరడం మొదలైంది. ఆడవాళ్ళకు ఎడమకన్ను మంచిదేనని ఊరుకుంది. వారం గడిచినా ఆగలేదు. పెదవుల చుట్టూ చీమలు పాకినట్టుండేది. తుడుచుకుంటే ఏమీ ఉండదు. పిక్కలు పట్టేసి నడుస్తూ నడుస్తూ కూలబడేది.

ఆ నెలాఖరులో ఒక మధ్యాహ్నం షెడ్డులో కాయ చీలుస్తుంటే చేతిలోంచి కత్తి జారిపడింది. వంగి తీసుకోబోయింది. కుడిచెయ్యి తెరుచుకోలేదు. ఆమె చూస్తుండగానే మణికట్టు లోపలికి వంగింది, బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుపోయింది, మిగిలిన నాలుగు వేళ్ళూ తిన్నగా బిగుసుకుని ఒకదాన్నొకటి అంటుకున్నాయి. గాజులవాడి ముందు చెయ్యి సన్నంగా కుదించి పెడతామే, అచ్చం అలా. పక్కావిడ రెండు చేతులతో లాగినా వేళ్ళు విడలేదు. కాసేపటికి దానంతటదే వదిలింది.

అందరూ అది చూసి భయపడ్డారు. పళనియమ్మాళ్ మాత్రం దాన్ని గుర్తుపట్టింది. ఆ ఆకారం ఆమెకు తెలుసు. పందొమ్మిదేళ్ళుగా తెలుసు.

ఆ తరవాతి ఆడి నెల అమావాస్య పొద్దున ఆమె పనికని బస్సెక్కింది. టిక్కెట్టు తీసుకున్నట్టు గుర్తుంది. తరవాత గుర్తున్నది పాదాల కింద తడి. భవాని ఏటి మెట్ల మీద కూర్చుని ఉంది. నోరు నిండా ఏదో నములుతోంది. ఎదురుగా విస్తరాకు, అందులో సగం మిగిలిన అన్నపు ముద్ద, దాని నిండా నల్ల నువ్వులు. రెండడుగుల దూరంలో ఒక కాకి తలవంచి ఆమెనే చూస్తోంది. ముద్ద కోసం అది ముందుకు రాలేదు, ఎగిరిపోనూ లేదు. కాస్త పైమెట్టున, వేలికి దర్భ ఉంగరంతో ఒక మనిషి, అతని భార్యా పిల్లలూ రాతిబొమ్మల్లా నిలబడి ఉన్నారు. ఆడి అమావాస్యకని ఎవరో వాళ్ళ పెద్దలకు పెట్టుకున్న పిండం అది.

ఆమె మింగేసింది. ఉమ్మేయాలన్న ఆలోచనే రాలేదు. అదే తనకు అన్నిటికంటే భయం వేసిన సంగతని తరవాత కూతురితో చెప్పుకుంది.

మార్కెట్టులో కూరగాయల మూటలు మోసే వేలుసామికి ఆ వార్త ఆమె ఇల్లు చేరేలోపే చేరింది. అతను ఒక్కమాట కూడా తిట్టలేదు. మర్నాడు అన్నూరు పక్క పల్లె నుంచి ఆండియప్ప అనే కోడాంగిని వెంటబెట్టుకుని వచ్చాడు. సోది చెప్పి, పట్టిన గాలిని దించే ముసలాయన. ఆండియప్ప ఆమెను పీట మీద కూర్చోబెట్టి, కుడి దండచేతికి పసుపుగుడ్డ బిగించి కట్టాడు.

"ఎవురు నువ్వు? చెప్పు. ఎవురొచ్చినారు?"

వాకిట్లో జనం ముందుకు వంగారు. గుడ్డ కింద చెయ్యి మొద్దుబారింది. ఒక నిమిషం, రెండు నిమిషాలు. అప్పుడు ఆమె ఒళ్ళో ఉన్న కుడిచెయ్యి మెల్లగా లేచి, మణికట్టు దగ్గర వంగి, బొటనవేలు లోపలికి పోయి, సన్నగా బిగుసుకుపోయింది.

వెంకటమ్మాళ్ అవ్వ కేక పెట్టింది. వేలుసామి ఆ చేతిని చూశాడు. ముఖం బూడిద రంగుకు తిరిగింది. లేచి చెప్పులైనా వేసుకోకుండా బయటికి వెళ్ళిపోయాడు. సాయంత్రం వరకూ రాలేదు.

"ఆకలిగా ఉండాది ఆయమ్మకు" అన్నాడు ఆండియప్ప గుడ్డ విప్పుతూ. "కడుపు నిండా పెట్టండి." చెప్పినట్టే నువ్వుల ముద్దలు చేసి కాకులకు పెట్టారు. ఆకలి తీరలేదు. చెయ్యి రోజుకు రెండుసార్లు ముడుచుకోసాగింది.

ఆదివారం కూతురు దర్శిని వచ్చింది. కోయంబత్తూరులో ఒక ల్యాబులో రక్తం తీసే పని ఆమెది. అమ్మ చెయ్యి ముడుచుకోవడం చూసి, ఒక్క క్షణం తనూ వెనక్కి జరిగింది. తరవాత ఫోనులో వీడియో తీసింది.

"అమ్మా, బయలుదేరు. ఇప్పుడే."

"వద్దు పాపా. డాక్టర్‌కి ఇది తెలియదు."

"తెలియకుంటే తెలియలేదని ఆయన చెప్పనీ. నువ్వు ఊరికే రా."

దర్శిని తీసుకెళ్ళిన డాక్టర్ రాఘవేంద్రన్ కూడా ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషే. వీడియో రెండుసార్లు చూశాడు. బీపీ పట్టీ తీసి ఆమె దండచేతికి చుట్టి, గాలి నింపి, తీయకుండా అలాగే ఉంచాడు. గడియారం వైపు చూస్తూ కూర్చున్నాడు.

"సార్, గట్టిగా ఉండాది" అంది ఆమె.

"మూడు నిమిషాలు ఓర్చుకోమ్మా."

మూడు నిమిషాలు పట్టలేదు. బల్ల మీద చెయ్యి కదిలింది. వంగింది. ముడుచుకుంది. "వచ్చేసింది సార్!" అని పళనియమ్మాళ్ అరిచింది. "వచ్చేసింది, ఇప్పండి!" అతను గాలి తీసేశాడు. వేళ్ళు ఒక్కొక్కటిగా విడివడ్డాయి. దర్శిని ఏడుస్తోంది.

"నేను పిలిస్తే కూడా వచ్చింది కదా?" అన్నాడాయన మెల్లగా. "భయపడొద్దు. ఇది ఉప్పుల సంగతి. రక్తంలో కొన్ని ఉప్పులు బాగా తగ్గితే, చేతికి రక్తం ఆగంగానే నరాలు ఇట్ల పట్టేస్తాయి. ఏం మాత్రలు మింగతా ఉండారు?"

"ఏం లేదు సార్."

"ఒక్కటీ లేదా?"

"లేదు. గ్యాస్‌కి ఒక క్యాప్సూల్. అంతే."

"ఎప్పుడెప్పుడు?"

"పొద్దున లేస్తానే. పరగడుపున."

"ఎన్నాళ్ళుగా?"

ఆమె వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. దర్శిని వయసుకొచ్చినప్పుడు కడుపుమంటకని మందులకొట్టులో ఇచ్చారు. మంట తగ్గింది. మానేస్తే మళ్ళీ వచ్చింది. ఆనాటి నుంచి అన్నం తిన్నట్టే అదీ తింటోంది. "తొమ్మిదేళ్ళు సార్."

రక్తపరీక్షలో మెగ్నీషియం ఉండాల్సినదానిలో సగమే ఉంది. దాన్ని అంటుకుని కాల్షియమూ పడిపోయింది. ఆ క్యాప్సూలును ఏళ్ళ తరబడి వాడితే కొందరిలో పేగులు మెగ్నీషియాన్ని లోపలికి తీసుకోవని, అప్పుడు ఎంత తిన్నా చాలినంత అందదని ఆయన చెప్పాడు. పిక్కలు పట్టడం, కన్ను అదరడం, ఎక్కడున్నదీ తెలియకపోవడం అన్నీ దాని పనే. ఇంకా ముదిరితే గుండె తడబడేది.

"నువ్వుల్లో ఆ ఉప్పు ఉంది కదా సార్?" అడిగింది దర్శిని. "అందుకేనా ఆశ?"

ఆయన రక్తపరీక్ష కాగితం పక్కన పెట్టాడు. "ఉంది. చాలా ఉంది. కానీ ఒళ్ళు అదే కావాలని అడిగిందని నేను చెప్పలేను. రక్తంలో ఇనుము తగ్గినోళ్ళు మట్టి తినడం చూసినాను. దీనికి మాత్రం అట్ల ఎక్కడా చదవలేదు. తెలియనిది తెలియదనే చెప్పాల."

మూడు రోజులు ఆసుపత్రిలో ఉంచి సెలైనులో ఆ మందు ఎక్కించారు. అది ఎక్కుతుంటే మెడ నుంచి కాళ్ళ దాకా వెచ్చటి నీళ్ళు పారినట్టుండేది. రెండో రోజు కన్ను అదరడం ఆగింది. చెయ్యి ముడుచుకోలేదు. మూడో రోజు పక్కమంచం వాళ్ళు నువ్వుండ ఇస్తే, కొరికి పక్కన పెట్టేసింది. చేదు. ఆ చేదు నాలుకకు తగలగానే ఆమెకు దుఃఖం పొంగుకొచ్చింది. ఎవరో లేచి వెళ్ళిపోయినట్టనిపించింది.

ఇంటికి వచ్చిన సాయంత్రం దర్శిని వంటింట్లో ఉండగా ఆమె వేలుసామిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. భర్తను ఆమె మామా అనే పిలుస్తుంది.

"మామా, వదినె చెయ్యి నా చేతిలోనే ఉండె ఆ పొద్దు. నేను వదల్లే. ప్రాణం పెట్టి పట్టుకొని ఉంటిని. ఆయమ్మ నా తట్టు చూసి, చెయ్యి ఇట్ల సన్నంగా చేసింది." పళనియమ్మాళ్ తన చేతిని కుదించి చూపించింది, ఈసారి తన ఇష్టంతోనే. "గాజు తీసినట్ల జారిపోయె. చెప్తే ఎవురు నమ్మతారు? నేనే వదిలేసినానంటారు."

వేలుసామి ఆ చేతి వైపు చూడలేకపోయాడు.

"నాకు తెలుసు" అన్నాడు.

"ఎట్ల తెలుసు?"

"రెండు దినాలకు దొరికింది కదా. నీకు జ్వరం, మంచం దిగలే. నోట్లో వాయికరిశి బియ్యం వేసేదానికి ముందు చేతులు సరిచేద్దామని చూసినాము. ఎడమది వచ్చింది. కుడిది రాలే. అట్లనే ఉండె, బొటనవేలు లోపల పెట్టుకొని. నలుగురు మొగోళ్ళు పట్టినా ఇప్పలేకపోయినారు. అట్లనే పంపించినాము. ఆ దినం కోడాంగి ముందర నీ చెయ్యి లేసినప్పుడు మా అక్క చెయ్యే చూసినాను. అందుకే ఇంట్లో నిలవలేకపోతిని."

"పందొమ్మిదేండ్లు నాకు ఏంటికి చెప్పలే?"

"నువ్వు బండ సంగతి చెప్పలే. నేను చెయ్యి సంగతి చెప్పలే."

దర్శిని రాగిసంగటి, మునగాకు కూర తెచ్చి ముందు పెట్టింది. ఇద్దరూ తిన్నారు. అతను అక్కను తలుచుకుని ఏడవడం పళనియమ్మాళ్ అదే మొదటిసారి చూసింది.

ఆ క్యాప్సూలు మానేశాక రెండు వారాలు కడుపుమంట నరకం చూపించింది. డాక్టర్ వేరే మందిచ్చి, పొద్దున పరగడుపు కాఫీ మాన్పించాడు. మెగ్నీషియం మాత్రలు మూడు నెలలు నడిచాయి. ఎవరైనా కావాలన్నా ఇవ్వొద్దని, మూత్రపిండాలు బాగాలేనివాళ్ళకు అవే విషమని గట్టిగా చెప్పాడు. ఇప్పుడు తిండితోనే సరిపోతోంది. సంగటి, ఆకుకూర, ఉలవలు, వేయించిన గుమ్మడిగింజలు. ఆరు నెలలకోసారి దర్శినే రక్తం తీసుకుపోతుంది.

పనిలోకి వెళ్ళిన మొదటిరోజు భోజనాల వేళ పళనియమ్మాళ్ ఆ క్యాప్సూలు పేరు చెప్పింది. పదకొండుమందిలో నలుగురు టిఫిన్ సంచుల్లోంచి అదే అట్ట తీసి చూపించారు. ఒకామె తీయలేదు. ఎడమకంటి రెప్పను వేలితో నొక్కిపెట్టుకుని, తల వంచుకుని కూర్చుంది.