ఊపిరి వదిలేదాకా

మా ముత్తాత ఆత్మకూరు వైపు ఏడూళ్లకు పెద్ద. మా తాత ఎదుట ఎవరూ కూర్చునేవారు కాదు. నేను కర్నూలులో గుమాస్తానైనా ఎవరి ముందూ నడుం వంచలేదు.

ఒంట్లో కొవ్వెంతో చూడటానికి మా ఆఫీసుకొచ్చిన నర్సు అందరి బరువు, మెడ, నడుము కొలిచింది. నా తూకం సరిగ్గానే ఉంది. నడుం కొలత అందరి ముందూ చదువుతుందేమోనని పొట్ట బిగబట్టాను.

"తూకం మోసం చేస్తాది సార్. నడుమే నిజం చెప్తాది. ఊపిరి వదలండి."

"ఏమప్పా, పగిలిపోతావు!" అన్నాడు పక్క సీటాయన.

ఆమె నవ్వలేదు. ఎవరు బిగబట్టినా టేపు వదలకుండా కళ్లు మూసుకుని ఆగడమే ఆమె అలవాటు. ఫ్యాను గాలికి టేపు కొస ఊగుతోంది. మధ్యాహ్నం ఎక్కడో దూరంగా గడుస్తున్నట్టుంది. నాకు తెలియకుండానే ఊపిరి వదిలాను. ఆమె అంకె పైకి చదవకుండా రాసుకుంది.

"ఇప్పుడు తేలిగ్గా ఉండాదా సార్?"

ఆఫీసులో ఎవరికీ చెప్పనిది ఆమెకు మాత్రమే వినబడేట్టు చెప్పాను. ముత్తాత భూముల్లో మాకు మిగిలిన ఆరెకరాలూ పోయిన వేసవిలో అమ్మేశాం.