విరగడానికి చేసిన ఇరుసు

మొన్న ఆయుధపూజ నాడు దువ్వాడలో మా అక్క ఇంటికి వెళ్ళేసరికి పీట మీద కత్తిపీట, కత్తెర, మేనల్లుడి కారు తాళాలు, రెండు స్పానర్లు వరసగా పెట్టి ఉన్నాయి. వాటి పక్కన జానెడు పొడవున ఒక విరిగిన ఇనుప కడ్డీ ముక్క కూడా ఉంది. కొత్తగా కాపురానికి వచ్చిన కోడలు అన్నిటికీ పసుపు రాసి బొట్లు పెట్టుకుంటూ వచ్చి ఆ ముక్క దగ్గర ఆగిపోయింది. పగిలిన అద్దం, విరిగిన దువ్వెన ఇంట్లో ఉంచకూడదని పుట్టింట్లో వింటూ పెరిగిన పిల్ల, విరిగిన ఇనుముకు కుంకుమ పెట్టమంటే సందేహించడంలో తప్పేమీ లేదు.

ఆ ముక్క కథ తొంభైల నడుమది. గాజువాక ఆటోనగర్‌లో మా మేనమామకు లేతు షెడ్డు ఉండేది, పాలిటెక్నిక్ పూర్తిచేసిన నేను అక్కడ యంత్ర భాగాలకు డ్రాయింగులు గీసేవాణ్ణి. డిజైనర్ అనే మాట మా షెడ్డు గడప తొక్కలేదు, నన్ను అందరూ బొమ్మలేసేవాడనే అనేవారు, నేనూ దానికే పలికేవాణ్ణి. మా అక్క భర్త, అంటే మా బావ, ఎలమంచిలి దగ్గరి రైతుల ఇంటివాడు, పోర్టులో క్రేను నడిపేవాడు. రోజంతా కదలని క్రేనులో కూర్చునే మనిషికి సెలవు వస్తే కొండలెక్కాలని ఎందుకు పుట్టేదో నాకు ఇప్పటికీ తెలియదు గాని, మిలటరీ వేలంలో ఒక పాత జీపు కొని, దాని ఇంజన్ తీసేసి, రెట్టింపు సత్తువ ఉన్న ఇంజన్ బిగించాడు. నాలుగు చక్రాలూ లాగే బండి అది. ఏటా చలికాలంలో అలాంటి పిచ్చే ఉన్న నలుగురైదుగురు కలిసి, అరకు ఘాట్ రోడ్డు నుంచి చీలిన ఒక మట్టి దారిలో కొండ మీదికి పందెం వేసుకునేవారు. ఒక్కసారి పైదాకా ఎక్కితే చాలు, ఆ తర్వాత మానేస్తానని బావ అక్కకు మాట ఇచ్చాడు. ఆ మాట మీదే ఆవిడ ఓర్చుకుంది.

ఇంజన్ మార్చినవాడు మిగతావి మార్చలేదు. పాత బండి కోసం చేసిన ఇరుసులు, అంటే డిఫరెన్షియల్ అనే పళ్ళచక్రాల పెట్టె నుంచి వెనక చక్రానికి బలాన్ని చేరవేసే రాడ్లు, కొత్త ఇంజన్ ధాటికి చెరకుగడల్లా విరిగేవి. సరే అని నేను కూర్చుని మందం పెంచి, మంచి ఉక్కు ఎంచి, కొత్తవి గీశాను. మామయ్య చేయించాడు. అవి విరగలేదు, ఆ సంగతి చెప్పుకుంటూ నేను కొన్నాళ్ళు నేల మీద నడవలేదు కూడా. అయితే లోపలికొచ్చిన బలం ఎక్కడో ఒకచోట తేలాలి కదా. ఆ ఏడు కొండ దారి మలుపులో రాడ్లు నిలబడ్డాయి, వాటిని తిప్పే డిఫరెన్షియల్‌లో పళ్ళు విరిగి ఇరుక్కున్నాయి. వెనక చక్రాలు రెండూ ఒక్కసారిగా బిగుసుకుపోయి, జీపు అడ్డంగా జారి, లోయ వైపు ఉన్న పిట్టగోడకు ఆనుకుని ఆగింది. బావకు చెయ్యి విరిగింది. గోడ లేకపోతే ఏమయ్యేదో మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. అక్క నెలరోజుల పాటు నాతో ముక్తసరిగా మాట్లాడింది.

విరిగిన పళ్ళను చేతిలో పట్టుకుని చూసి మామయ్య ఒకటే మాట అన్నాడు. "ఏదోటి ఇరక్క తప్పదురా. ఇరిగేదేటో బండి సెప్పకూడదు, మనం సెప్పాల."

ఆ మాట మీద, మరుసటి ఏటి పందేనికి ముందు, నేను మళ్ళీ గీశాను. రాడ్డు అంతా బలంగానే ఉంచి, చక్రం వైపు ఒకచోట మాత్రం చుట్టూ కొంచెం సన్నం చేసి మెడలాగా పెట్టాను. లాగుడు హద్దు మీరితే అది అక్కడే తెగాలి. ఆ బండిలో చక్రం బరువు మోసేది రాడ్డు చుట్టూ ఉండే బయటి గొట్టమే గనక రాడ్డు తెగినా చక్రం ఊడదు, ఊరికే దొర్లుతుంది, ముందు చక్రాలు లాగుతూనే ఉంటాయి. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోకుండా ఉండే ఉపాయం అన్నమాట. మాకది ఎంత తేటగా ఉందో బావకు అంత అవమానంగా తోచింది. "మన సేతుల్తో మనవే ఇరిగేది సేసుకుంతామేటి మావయ్యా?" అని రెండు రోజులు షెడ్డు వైపు రాలేదు.

అంతలో దసరా వచ్చింది. మా వాళ్ళలో ఏ పనిముట్టయినా పూజలో పెట్టి బొట్టు పడ్డాకే పనికి ఎక్కుతుంది. మామయ్య ఆ రాడ్లు అక్క ఇంటికి తెచ్చి పీట మీద పెట్టాడు. అక్క చూసింది, కుంకుమ భరిణె మూసేసింది.

"ఇరగడానికే సేసిందానికి బొట్టెట్టను. దాన్నెట్టుకుని ఈయన కొండెక్కితే నాకేటి దారి?"

బొట్టు లేకుండానే మామయ్య వాటిని తీసుకెళ్ళి జీపుకు బిగించాడు. బావ కూడా, ఇష్టం లేకపోయినా, పెద్దాయన మాట కాదనలేకపోయాడు. పందెం నాడు నేను కొండ కింద నిలబడ్డాను, అక్క రాలేదు. నాకు భయం వేసింది. నా గీత మీద నమ్మకం లేక కాదు. బొట్టు పడలేదే అని భయం వేసింది, చదువుకున్నవాణ్ణయి ఉండీ.

పాత మలుపు దగ్గరే రాడ్డు తెగింది. టప్పుమని చప్పుడైందనీ, చక్రాలు బిగుసుకుంటాయని కళ్ళు మూసుకున్నాననీ, తీరా చూస్తే బండి నెమ్మదిగా పైకే పోతోందనీ బావ తర్వాత చెప్పాడు. ముందు చక్రాల మీదే ఈడ్చుకుంటూ అందరికన్నా ఆఖరున పైకి చేరాడు. సాయంత్రానికి ఇంటికొచ్చి ఆ విరిగిన ముక్కను అక్క చేతిలో పెట్టాడు. అక్క దాన్ని కాసేపు అటూ ఇటూ తిప్పింది. "ఇరిగితే ఇరిగింది, మనిసొచ్చేడు," అని దేవుడి గూటి దగ్గరికి తీసుకెళ్ళి బొట్టు పెట్టింది. అప్పటినుంచి ఏ దసరాకూ దానికి పూజ తప్పలేదు. బావ మాట నిలబెట్టుకుని మళ్ళీ కొండ పందేనికి పోలేదు.

ఇప్పుడు ఆ షెడ్డు లేదు, అక్కడ టైల్సు అమ్ముతున్నారు. మేనల్లుడి కారుకూ నాలుగు చక్రాలూ లాగుతాయి, దాని బలం ముందు మా జీపు ఏపాటిది గనక. ఏదైనా తేడా వస్తే స్టీరింగు ముందర ఒక దీపం వెలుగుతుంది, కంపెనీ వాళ్ళు పెట్టెకు పెట్టె మార్చి పంపేస్తారు. లోపల ఏది తెగిందో వాడూ అడగడు, వాళ్ళూ చెప్పరు. అలా ఉండటమే సుఖమేమో, నాకు తెలియదు. బావ పోయి మూడేళ్ళయింది. మంచం మీద, అందరం చుట్టూ ఉండగా, చేయి అక్క చేతిలో ఉండగా పోయాడు.

కోడలు ఇంకా సందేహిస్తూనే ఉంది. అక్క లేచి వచ్చింది. బావ పోయాక కుంకుమ భరిణె ముట్టుకోవడం మానేసి, ఆ బొట్టు పని కొడుక్కి వదిలేసిన మనిషి, దాన్ని కోడలి చేతిలోంచి తీసుకుంది. "ఇలాతే. దీనికి నానే ఎట్టాల," అని వేలితో అద్ది ఆ విరిగిన చోట బొట్టు పెట్టింది.

విరగకూడదని నేను గీసినవి చాలానే ఉన్నాయి, అవన్నీ ఏ తుక్కులో కలిశాయో. విరగాలని గీసినది ఒక్కటే మా ఇంట్లో మిగిలింది.