ఆకు కొనడం లేదని చెప్పాం

ముప్పై ఏళ్లుగా బీడీలు చుడుతున్నాను. చదువు మూడో తరగతితోనే ఆగింది కానీ, ఏ ఏడు ఏ సరుకు ఎంతకు కొన్నానో అడిగితే ఇప్పటికీ చెప్పగలను. పెద్దోడు పుట్టినప్పుడు కొన్న నువ్వుల నూనె ధర, అత్త దినాల నాటి ఉల్లిగడ్డ ధర, అమ్మినవాళ్ల మొహాలతో సహా గుర్తుంటాయి. మా వాడలో ఎవరికి ఏది తెలియాలన్నా నా గడప దగ్గరికే వస్తారు. నా మాట మీద అందరికీ అంత గురి. చెరుపు కూడా దానివల్లే జరిగింది.

మా ఊరు కొండగట్టుకు ఇవతల. వెయ్యి బీడీలకని కార్ఖానావాళ్లు తునికాకు తూచి ఇస్తారు. ఆ ఆకుతో వెయ్యి ఎన్నడూ కావు. చిల్లులు పడ్డవి, పెళుసుబారినవి తీసేస్తే ఏడు వందల దగ్గరే చాట ఖాళీ అవుతుంది. తక్కువ పడ్డ ఆకు మా పైసలతో కొని, వెయ్యీ పూర్తిచేసి అప్పజెప్పాలి. లేదంటే మర్నాడు పని ఇవ్వరు. చేతికొచ్చిన కూలిలోంచి ఆకుకు పోగా మిగిలిందే మా కూలి.

మా తోడికోడలికి ఆ మిగిలిందీ చాలేది కాదు. మా మరిది తాటిచెట్టు మీది నుంచి పడి నడుము విరిగి మంచంలో ఉన్నాడు. ఇల్లంతా ఆమె చేతివేళ్ల మీదే నడుస్తోంది. "ఆకు పైసలు కూలిల కలిపిచ్చిండ్రనుకో అక్కా, ఆయన మందులు ఆగయి. నాకు గంతే చాలు" అనేది.

ఆ ఏడు కార్ఖానా యజమానులతో కూలి మీద కొత్త ఒప్పందం జరగాలి. మా బీడీ కార్మికుల సంఘం నాయకుణ్ని మేమంతా అన్న అంటాం. ఆయన మా ఊరొచ్చి విడమరిచి చెప్పాడు. సర్కారు ధరల లెక్క ఒకటి ఉంటుంది, అది ఎన్ని పాయింట్లు పెరిగితే దాన్ని బట్టి మా కరువు భత్యం పెరుగుతుంది. "కాని గా పాయింట్లు ఉప్పు పప్పు చూస్తయి గని మీరు ఆకు కొనుడు చూడయి. ఈసారి గదే పట్టుకుందం. ఇంటింటి ఖర్చు రాపిచ్చి వాళ్ల ముంగట పెడ్తం" అన్నాడు. అది విని తోడికోడలు నా మోచేయి నొక్కింది.

నెల దాటాక ఒక నడివయసు మనిషి రెగ్జిన్ సంచితో మా వాడకు వచ్చాడు. రోడ్డు మీది మొదటింట్లో కూర్చుని అడుగుతున్నాడు. నూనె ప్యాకెట్లు ఎన్ని, గ్యాస్ బండ ఎన్ని దినాలొస్తుంది, ఇంట్లో బండి ఉందా. నేను దారం కోసం అటు పోయి ఆ మాటలు విన్నాను. సంఘం నుంచి వచ్చానని అతను చెప్పనే చెప్పాడు. అన్న చెప్పిన మాటా నాకు గుర్తుంది. కానీ పక్క ఊళ్లో ఇట్లాగే ఒకాయన అడిగి రాసుకుపోయాక కొందరి పింఛన్లు ఆగాయని విని ఉన్నాం. ఆ భయం ముందు సంఘం మాట నిలవలేదు.

పెరటి దారుల వెంట ఇల్లిల్లూ తిరిగాను. "పింఛన్ల చెకింగొచ్చింది. ఏం కొంటలేమనుండ్రి. రేషన్ బియ్యం, పెరట్ల కూర, గంతే. ఆకు కొంటున్నమని అసలే అనకుండ్రి. చాటుకు బీడీలు చుట్టి అమ్ముకుంటున్నరని రాస్తడు, కార్డు పోతది."

"సంఘం సారు అంటున్నడు గద?" అంది తోడికోడలు.

"వచ్చినోళ్లందరు అట్లనే అంటరు."

నా మాట కాదనే అలవాటు ఆమెకు లేదు.

చివరికి మా ఇంటికి వచ్చాడు. చాయ పోశాను. "ఆకు బయట కొంటరా అమ్మా?" అని అడిగాడు. "ఎందుకు కొంటం సారూ, వాళ్లిచ్చిందే మిగుల్తది" అన్నాను. అతను నా మొహంలోకి కాసేపు చూసి, రాసుకున్నాడు.

ఒప్పందం మాటలకు కరీంనగర్ పోయేటప్పుడు అన్న నన్నూ తీసుకుపోయాడు. ధరలు నోటికి చెప్తానని. పొడుగాటి బల్లకు అటు యజమానులు, ఇటు మేము. వాళ్ల గుమస్తా కాగితం తీసి వెయ్యి బీడీలకు ఆకెంత, తంబాకెంత, దారమెంత, కూలెంత అని చదివాడు. అన్నిట్లోకి కూలే పెద్దదట, ఇంకా పెంచితే కార్ఖానా మూతపడుతుందట.

అన్న నా వైపు చూశాడు. పోయిన ఒప్పందం నాడు నూనె ఎంత, పప్పు ఎంత, కారం ఎంత, ఇప్పుడెంత అని ఆగకుండా చెప్పాను. ముసలి యజమాని ఒకాయన నవ్వాడు. "గీ గుమస్తాను తీసేసి నిన్ను పెట్టుకోవాలమ్మా" అన్నాడు. గదిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నోరు చేదవుతుంది.

అన్న ఆకు సంగతి ఎత్తగానే గుమస్తా ఇంకో కట్ట విప్పాడు. అది మా సంఘం కట్టే, ఆ రెగ్జిన్ సంచి మనిషి రాసుకుపోయిందే. అన్ని ఊళ్ల కాగితాలూ ఉన్నాయన్న ధైర్యంతో సాక్ష్యంగా ముందే ఇచ్చేశారు. లోపలేముందో మావాళ్లెవరూ తిరగేయలేదు. అతను మా ఊరి కాగితాలే పైకి తీసి చదివాడు. ఆకు కొనుగోలు లేదు. లేదు. లేదు. ఒక ఇంటి దగ్గర ఆగాడు. "ఇక్కడ మిగులుతదని గూడ రాపిచ్చిండ్రు."

నేను లేచి నిలబడ్డాను. "అది నా ఇల్లే. పింఛన్లు పోతయని భయపడి అబద్ధం చెప్పినం. వాడంతతోని నేనే చెప్పిచ్చిన" అన్నాను.

ఇందాక నవ్విన ముసలాయన ఈసారి నవ్వలేదు. "అప్పుడు భయపడి తక్కువ చెప్పినవు. ఇప్పుడు ఆశపడి నూనె ధర ఎక్కువ చెప్తలేవని ఎట్ల నమ్మాలమ్మా?" అన్నాడు.

నేను కూర్చున్నాను. అన్న బల్ల వైపే చూస్తున్నాడు. మా అబద్ధం చూశాక మిగతా ఊళ్ల కాగితాలనూ నమ్మలేమన్నారు. పాయింట్ల లెక్కన వచ్చేది వచ్చింది. ఆకు మీద ఒక్క పైసా కలవలేదు.

తిరుగు బస్సు దిగేటప్పుడు అన్న "తప్పు నాది గూడ ఉన్నదక్కా. కాగితాలు చదవకుంటనే ఇచ్చిన" అన్నాడు. ఆయన తిట్టి ఉంటే నాకు నయంగా ఉండేది.

వాడలో ఒక్కొక్కరూ ఒక్కో మాట అన్నారు. "పింఛనైతే ఆగలే గద, అదీ నీ పున్నెమే" అని ఒకామె దెప్పింది. పడ్డాను.

తోడికోడలు పత్తి తీత మొదలయ్యాక జమ్మికుంట జిన్నింగు మిల్లుకు పోతానంది. అక్కడే గది, వారం వారం కూలి, దూదిపొట్టులో పన్నెండు గంటల పని.

"మరిది సంగతి?" అన్నాను.

"నువ్వున్నవు గద."

పోయే రోజు పొద్దున నన్ను మంచం దగ్గర నిలబెట్టి, ఆయన్ను పక్కకు ఎలా తిప్పాలో చూపించింది. ఒక చెయ్యి భుజం కింద, ఒక చెయ్యి తుంటి కింద. "గుంజొద్దు, ఒక్కసారే తిప్పాలె. పూటకు రెండుసార్లు. లేకుంటె పుండ్లయితయి" అంది. మరిది పైకప్పు చూస్తూ పడుకున్నాడు. నేను తిప్పబోయాను. బరువు ఆగలేదు, ఆయన మూలిగాడు.

"మళ్ల తిప్పు" అంది. బస్సు టైమయ్యేదాకా మళ్లీ మళ్లీ తిప్పించింది.