ముప్పై మాలల యూనిట్

మొన్న శనివారం, పొద్దున సరిగ్గా తొమ్మిదింబావుకి నేను కరెంటు మీటర్ ముందు పీట వేసుకుని కూర్చున్నాను. చేతిలో తులసిమాల. ఇక చూడండి, గంట తిరిగేసరికి మా డాబా గొట్టంలోంచి ఎర్రనీళ్లు!

అసలు ముందురోజు కరెంటు బిల్లు చూసి మా ఆయన గుడ్లురిమారు. "గిదంతా నీ మల్లెచెట్ల పుణ్యమే! పొద్దుగాల లేస్తే బావి మోటార్ గుర్రుమంటది. ఎల్లుండి మోటార్ విప్పి చేనుకు తీస్కపోత. నువ్వు చేదతో తోడుకో."

మోకాళ్ల నొప్పులతో చేద ఎక్కడ లాగను? పూలు లేకుండా రాముడికి పూజ ఎట్లా చేయను? నాకు రాత్రి అన్నం సహించలేదు.

మా కోడలు సుజాత చెవిలో చెప్పింది. "అత్తమ్మా, మీటర్ల ఎర్రలైటు మెరుస్తది సూడు. మూడువేల రెండొందల సార్లు మెరిస్తే ఒక యూనిట్. దానిమీదనే రాసున్నది. మోటార్ ఎంత తాగుతదో లెక్కజెప్పి మామయ్య నోరు మూయించు."

మూడువేల రెండొందలు! లెక్క తప్పితే? అప్పుడే మాల గుర్తొచ్చింది. నూటెనిమిది పూసలు. ముప్పై మాలలు తిరిగితే కాస్త ఎక్కువే తప్ప తక్కువ కాదు. మెరుపుకో రామనామం. పుణ్యమూ, లెక్కా రెండూ!

ఫ్రిజ్, ఫ్యాన్లు అన్నీ ఆపేసి, మోటార్ ఒక్కటే వేసి కూర్చున్నాను. మెరిసింది, రామ. మెరిసింది, రామ. రెండు నిమిషాలకో మాల. ఎంత హాయిగా ఉందో!

ఇరవయ్యేడో మాలలో ఉండగా, పాలకోసం బయటికెళ్లిన సుజాత పరుగెత్తుకొచ్చింది. "అత్తమ్మా! డాబా మీది ట్యాంక్ పొంగుతుంది! గొట్టంలకెల్లి ఎర్రగ కారుతుంది! మిరపకాయలు!"

ఏడాదికి సరిపడా కారం కొట్టించడానికని, తెల్లారగానే డాబా మీద మిరపకాయలు ఆరబోసింది నేనే! స్విచ్చు నా నెత్తిమీదే ఉంది. కానీ లేవడమెట్లా? మా అత్తగారు, స్వర్గాన ఉన్నారు, ఎన్నిసార్లు చెప్పేవారో: "జపం నడుమ లేస్తే, మాట్లాడితే, చేసిందంతా బావిల పోసినట్టే."

ఇంకా మూడే మాలలు. మూడే!

సుజాత స్విచ్చు మీద చెయ్యి వేయబోయింది. నేను ఆ చెయ్యి పట్టుకుని "ఊఁ ఊఁ" అన్నాను. పెద్దదాన్ని, పైగా జపంలో ఉన్నాను. పాపం, ఆగిపోయింది. అట్లా ఇద్దరం చేతులు పట్టుకుని ఆ ఎర్రలైటునే చూస్తూ నిలబడ్డాం. నేనైతే కూర్చునే ఉన్నాననుకోండి.

ముప్పై అయ్యాయి. మాల కళ్లకద్దుకుని మోటార్ ఆపి, డాబా ఎక్కి చూస్తే... మిరపకాయలు తెప్పోత్సవం చేసుకుంటున్నాయి!

మా ఆయన చేనునుంచి వచ్చేసరికి ఇద్దరం చీరచెంగుల్లో కాయలు ఏరుతున్నాం. ఆయన అరిచేలోపే నేను మెల్లగా చెప్పాను. "గంటకు ఒక యూనిట్టేనండీ. రోజూ పావుగంట వేస్తాను. నెలంతా కలిపినా ఎనిమిది యూనిట్లు కావు."

అప్పుడు అడిగింది సుజాత. "అయితే అత్తమ్మా, ట్యాంక్ నిండనీకి పావుగంటనే కద? ఏడెనిమిది మాలలకాడ ఆపి నాలుగింతలు చేస్తే అయిపోవు కద?"

నేను మిరపకాయల వైపు చూశాను.

"మోటార్ ఖర్చు ఏం లేదే," అన్నారు మా ఆయన. "దాని పక్కన కూసున్న మనిషితోనే ఖర్చు!"

మర్నాడు పొద్దున ఆయన చేతిలో పానా చూసి నా ప్రాణం ఉసూరుమంది. మోటార్ విప్పేస్తున్నారు! వెనకే వెళ్లాను. ఆయన బావివైపు వెళ్లలేదు. పూజగదిలో స్టూలెక్కి, ఆ పానాతోనే గోడకు ఇంత ఎత్తున ఒక మేకు కొట్టారు. నా మాల తీసి దానికి తగిలించారు.

"ఇగ పోయి మోటార్ వేసుకో," అన్నారు. "ట్యాంక్ నిండి, స్విచ్చు బంద్ జేసినంక చెప్పు. నేనే దించిస్త."